మెత్తనిది మోగదు

మాలినిక్,
2012 ఏప్రిల్ 24

అన్నయ్యా,

క్రీస్తు లేచాడు! ఆ కొండ మీద నీకు ఈ మాట చెప్పేవాళ్ళు ఉండరని ముందుగా రాస్తున్నాను. వాతావరణ స్టేషను ఫోనులో గాలి, వాన లెక్కలు తప్ప ఇంకేమీ మాట్లాడకూడదన్న రూలు ఎవరు పెట్టారో గానీ, దాని పుణ్యమా అని నాకు ఉత్తరాలు రాయడం మళ్ళీ అలవాటైంది. రేపు అడవి శాఖ జీపు పైకి వస్తుందట. ఇది దానితో పంపుతాను.

ఈస్టరు పండగ బాగా జరిగింది. ముప్పై రెండు గుడ్లకు ఉల్లిపొట్టుతో రంగు వేశాం, ఒకటే చిట్లింది. మొదట అద్దిన ఎర్ర గుడ్డును మా అత్తగారు ఎప్పటిలాగే పటం దగ్గర ఇంటి కాపలాకు పెట్టి, నిరుటిదాన్ని తీసి తోటలో పాతిపెట్టానన్నారు. పండగ నాడు నాకో బహుమానం కూడా ఇచ్చారు. కారులో నా సీటు హెడ్‌రెస్ట్‌కి ఆకుపచ్చ ఉన్నితో అల్లిన మందపాటి తొడుగు. నేను నోరు తెరిచేలోపే, "నీ కోసం అనుకునేవు. నీ తలనూనెకి మీ అన్న విదోయె ఇచ్చిన బండి పాడైపోతుందని అల్లాను" అన్నారు.

ఇక అసలు సంగతి. బండిలో రెండు చప్పుళ్ళున్నాయి. ఒకటి ముందు నుంచి జర్‌ర్‌మని వస్తుంది, ఇంజను గట్టిగా తిరిగినప్పుడల్లా. రెండోది టిక్, టిక్‌మని. ఎండిన సొరకాయలో ఒకే ఒక్క గింజ మిగిలితే ఎలా ఉంటుందో అలా. చర్చి వీధిలో రాళ్ళ మీద వస్తుంది, బ్రేకు వేస్తే వస్తుంది. నాకు వెనక నుంచి వినిపిస్తుంది. మీ బావకి ఎడమవైపు నుంచి వినిపిస్తుందట.

ఆయన సంగతి నీకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు బట్టల మిల్లులో మగ్గాలను చెవితో తనిఖీ చేసిన మనిషి. ఇప్పుడు చక్కెర జబ్బు కళ్ళను అంచుల నుంచి తినేస్తుంటే చెవులు ఇంకా పదునెక్కాయి. "చప్పుడు ఎక్కడిదో తెలియని యంత్రంలో నిన్ను కూర్చోనివ్వను దెసా" అంటున్నారు. సెయింట్ పీటర్ పండగ లోపు, అంటే జూలై పన్నెండు లోపు అదేంటో తేలకపోతే, బండిని రొట్టెల గ్వోజ్దెన్‌కి అమ్మేస్తారట. అతను ఎలాగూ అడుగుతూనే ఉన్నాడు.

అన్నయ్యా, బస్సు ఇప్పుడు రోజుకి ఒకటే. పదిహేను రోజులకోసారి ఆయన్ని చాచాక్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇవి అందరికీ చెప్పే కారణాలు. నీకు ఇంకొకటి చెబుతాను. యాభై నాలుగేళ్ళకి, రెండుసార్లు తప్పి, మూడోసారి లైసెన్స్ తెచ్చుకున్నాను. నది పక్క రోడ్డు మీద మూడో గేరు వేసినప్పుడు నా ఒళ్ళు నాకే తేలికైపోతుంది. ఈ బండి పోతే నాకు మళ్ళీ అది దొరకదు.

అందుకని ఒక నోట్‌బుక్కు పెట్టాను. తేదీ, రోడ్డు, వేగం, ఎండా వానా, బండిలో ఎవరెవరు, చప్పుడు ఏ పక్క నుంచి, కారణం. మొదటి టిక్ ఏప్రిల్ 16న రాసి ఉంది. చివరి గడిలో అన్నిచోట్లా 'తెలియదు' అనే ఉంది. నువ్వు చెబితే కొట్టేస్తాను.

నీ చెల్లెలు,
దెసాంకా

*

కొండ స్టేషను,
మే 2

ఒసే లెక్కల దెసాంకా,

లేచాడు నిజంగా! ఇక్కడ ఇంకా మంచు పోలేదు, అయినా లేచాడు.

ఉత్తరం చదివి ఒక్కడినే నవ్వుకున్నాను. ముప్పై ఏళ్ళు మెకానిక్ షెడ్డు నడిపాను, "ఏదో మోగుతోంది అన్నా" అని వచ్చినవాళ్ళే గానీ వేగం, వాన రాసుకొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ నోట్‌బుక్కు అప్పుడు నా దగ్గరుంటే సగం బండ్లు ఊరికే విప్పేవాణ్ణి కాదు.

జర్‌ర్ సంగతి ఇక్కణ్ణుంచే చెప్పేస్తాను. బానెట్ ఎత్తగానే ఇంజను మీద నల్లటి పెద్ద ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది చూడు, పేరు గొప్పగా చెక్కి ఉంటుంది. దానికి పెద్ద పనేమీ లేదు. ఇంజనుకి వేసిన ముసుగు. కాస్త రొద తగ్గిస్తుంది, అంతే. అడుగున నాలుగు మూలలా రబ్బరు గుబ్బలుంటాయి. వేడికి అవి ఎండి బిగుసుకుపోతే మూత వణుకుతుంది. ఇంజను బాగా చల్లారాక నూనె పోసే చోటి బిరడా ముందు తిప్పి తీసెయ్. మూత వెనక అంచు రెండు చేతులా పట్టుకుని పైకి లాగు, తర్వాత ముందు అంచు. టప్‌మంటుంది, బెదరకు. తీశాక బిరడా మళ్ళీ బిగించు. మూతని కొట్టంలో పడెయ్.

టిక్ సంగతి అలా కాదు, వెతకాలి. చెక్క గరిటె ఒకటి తీసుకో. బావ బండిని అటూ ఇటూ ఊపుతుంటే గరిటె ఒక కొస అనుమానం ఉన్న చోట ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకో. చప్పుడు పుట్టే చోట చెవిలో సుత్తి కొట్టినట్టు ఉంటుంది.

మా షెడ్డులో రూలు ఒక్కటే: గట్టిది గట్టిదానికి తగిలితేనే చప్పుడు. మెత్తనిది మోగదు. సీట్లు, గుడ్డలు, కార్పెట్ల జోలికి పోయి పొద్దు పాడుచేసుకోకు.

మూడో గేరు గురించి రాసిన మాట ఎవరికీ చెప్పను. చెప్పడానికి ఇక్కడ ఎవరున్నారు, ఒక మేక, ఒక గాలి కొలిచే గిన్నె.

విదోయె

*

మాలినిక్,
మే 10

అన్నయ్యా,

మేక కులాసా అని తలుస్తాను.

మూత తీశాను. పదిహేడు నిమిషాలు పట్టింది. అందులో పది నిమిషాలు నేను భయపడిన లెక్క. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నారు. టప్‌మన్నప్పుడు శిలువ గుర్తు వేసుకుని, "అయిపోయింది. కోడిని ఒలిచినట్టు ఒలిచింది" అన్నారు.

మూత కింద ఏముందో చెప్పనా? ఎండుటాకులు, ఒక హేజెల్‌నట్ పెంకు, పది నంబరు స్పానర్. పిడి మీద వి అని గీసి ఉంది. మూడేళ్ళ కిందట మా ఇంట్లో భోజనానికి కూర్చుని, నీ స్పానర్‌ని పక్క షెడ్డువాడు దొంగిలించాడని గంటసేపు తిట్టావు గుర్తుందా? ఆ మనిషికి ఒక సీసా ప్లమ్ సారా బాకీ పడ్డావు.

జర్‌ర్ పూర్తిగా పోయింది. అది రబ్బరు గుబ్బల వల్లో, స్పానర్ వల్లో చెప్పలేను గనక 'కారణం' గడిలో రెండూ రాశాను. ఇంజను గొంతు మాత్రం పెరిగింది. ఆయన మొదటిరోజు మొహం చిట్లించారు. రెండోరోజు నది రోడ్డు ఎక్కాక, "ఇప్పుడు మార్చు" అన్నారు. గేరు మార్చాను. మళ్ళీ కాసేపటికి, "ఇప్పుడు". సరిగ్గా నేను మార్చాలనుకున్న చోటే. చూపు ఆనని మనిషి వినికిడితో నా పక్కన సగం బండి నడుపుతున్నారు. ఇంటికొచ్చాక వాళ్ళమ్మతో, "దానికి గొంతు వచ్చిందమ్మా, ఇదివరకు దుప్పట్లో మాట్లాడేది" అన్నారు.

కానీ టిక్ పోలేదు. గరిటెతో డాష్‌బోర్డు, నాలుగు తలుపులు, హ్యాండ్ బ్రేకు అన్నీ విన్నాను. ఎక్కడా సుత్తి దెబ్బ లేదు.

మూతను కొట్టంలో పెట్టానా, మర్నాటికి మాయం. చూస్తే అత్తగారు దాన్ని తిరగేసి కోడిపిల్లలకు నీళ్ళు పోశారు. "లోతు లేదు, పిల్లలు మునిగిపోవు. కారుకి పనికిరానిది కోడికి పనికొచ్చింది" అంటున్నారు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. స్పానర్ మర్చిపోయినవాడివి ఇంకేమైనా మర్చిపోయావా? బండి నాకిచ్చేటప్పటికి ఈ టిక్ ఉందా? ఆయన అడగమన్నారు.

దెసాంకా

*

కొండ స్టేషను,
మే 19

దెసాంకా,

నీకిచ్చేటప్పుడు ఆ బండి గొర్రెపిల్లలా ఉంది. ముందురోజు చర్చి వీధిలో నాలుగుసార్లు తిప్పి చూశాను. తోడబుట్టినదానికి మోగే బండి అంటగట్టేవాడినని బావ అనుకుంటున్నాడన్నమాట. సరే.

గట్టివి ఇవీ, చూడు: స్టెప్నీ నట్టు, జాకీ, సీటు బెల్టు బకిల్, బూడిద డబ్బా, వెనక అద్దం కింది అట్ట, సైలెన్సర్ మీది రేకు. ఏ రెండింటి మధ్య సందు కనిపించినా ఉన్ని గుడ్డ మడిచి దూర్చు. ఇవన్నీ అయ్యాక కూడా టిక్ వినిపిస్తే, బావ కట్టుడు పళ్ళు తీసి జేబులో పెట్టుకుని ఒకసారి తిరిగి రమ్మను.

ఇక్కడ పొగమంచు. ఏమీ కనిపించడం లేదు.

విదోయె

*

మాలినిక్,
జూన్ 4

అన్నయ్యా,

ఉత్తరాలు ఆయనకి నేనే చదివి వినిపిస్తానన్న సంగతి మర్చిపోయావా? కళ్ళు సరిగా ఉంటే తనే చదువుకునేవారు. కట్టుడు పళ్ళ దగ్గరికి వచ్చాక ఆపాలని చూశాను. "ఏం ఆపావ్? మీ అన్న రాత అంత అధ్వాన్నంగా ఏం ఉండదు, చదువు" అన్నారు. చదివాను. ఆయన కాఫీ పూర్తిచేసి, కప్పు బోర్లించి, "పన్నెండో తారీకు అంటే పన్నెండే" అన్నారు. మర్నాడు గ్వోజ్దెన్ వచ్చి టైర్లను కాలితో తన్ని చూసిపోయాడు. టైర్లను తన్నితే ఏం తెలుస్తుందో నాకు తెలియదు. నా కాలి మీద తన్నినట్టే ఉంది.

నువ్వు రాసినవన్నీ చూశాను. స్టెప్నీ బిగించాను. జాకీని పాత లంగాలో చుట్టాను. బకిల్‌కి ఉన్ని, బూడిద డబ్బాకి ఉన్ని. వెనక అట్ట తీసేశాను, అది కూడా కోళ్ళగూటి మీద కప్పుగా చేరింది. సైలెన్సర్ మీది రేకును మన ఊరి వెల్డర్ గట్టిగా బిగించాడు. ఇప్పుడు బండిలో కూర్చుంటే ఇంజను వినిపిస్తుంది, గాలి వినిపిస్తుంది, ఆ రెంటి మధ్య హాయిగా, ఏ అడ్డూ లేకుండా, టిక్.

నోట్‌బుక్కులో పేజీలన్నీ కాపీ చేసి దీనితో పెడుతున్నాను. మొత్తం ముప్పై ఒక్క ప్రయాణాలు. రెండింటిలో మాత్రం టిక్ లేదు: మే 5, జూన్ 2. రెండూ శనివారాలే, రెండూ పండగల ముందురోజులు. ఒకటి సెయింట్ జార్జికి ముందు, ఒకటి పెంతెకోస్తుకి ముందు. ఒకరోజు ఎండ, ఒకరోజు వాన. నాకేమీ అందడం లేదు.

ఇంకొక మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నిన్న పొద్దున చర్చికి బయల్దేరేముందు కిటికీలోంచి చూస్తే అత్తగారు కారులో కూర్చుని ఉన్నారు. వెనక సీట్లో, తలుపులు వేసుకుని. చేతిలో ఏదో మెరిసింది, సూదో, సన్నటి స్క్రూడ్రైవరో. పది నిమిషాలు ఉన్నారు. దిగి, అటూ ఇటూ చూసి, ఏమీ ఎరగనట్టు కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. నోట్‌బుక్కు పెట్టిన దగ్గర్నుంచి, "ఆ నోట్‌బుక్కు మూసి బండి అమ్మెయ్యి, నీకూ శాంతి, నాకూ శాంతి" అంటూనే ఉన్నారు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి గురించి ఇలా రాస్తున్నందుకు సిగ్గేస్తోంది. కానీ ఏదైనా వదులు చేస్తున్నారేమోనని అనుమానం వస్తోంది అన్నయ్యా. మొహం మీద అడగలేను. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో మేమిద్దరం గొంతు పెంచుకోలేదు.

రాస్‌బెర్రీలు ఎర్రబడుతున్నాయి. ఆ బుట్టలు సంతకి ఎలా వెళ్తాయో చూడాలి.

దెసాంకా

*

కొండ స్టేషను,
జూన్ 12

చెల్లీ,

ముందుగా బావకి చదివి వినిపించు: "బావా, ఆ పళ్ళ మాట పొగమంచులో రాసింది. క్షమించు. నీ చెవి గురించి నాకు తెలుసు. మా షెడ్డు ముందు నుంచి నడిచిపోతూనే, ఆ బండి మూడో సిలిండరు కొట్టడం లేదురా అని చెప్పిన మనిషివి."

చదివేశావా? ఇక ఇది చదవకు, నీ కోసమే.

నీ కాపీలు బల్లమీద పరిచి, ఎగరకుండా గాలి కొలిచే పాత గిన్నెలు బరువు పెట్టి, సాయంత్రమంతా చూశాను. టిక్ లేని రెండు రోజులూ 'ఎవరెవరు' గడి చూడు. మే 5: నేను, రాస్‌బెర్రీ మొక్కల సంచి. జూన్ 2: నేను, అత్తగారు. మిగతా ఇరవై తొమ్మిది ప్రయాణాల్లోనూ బావ ఉన్నాడు! చప్పుడు బండిలో లేదే, బావ దగ్గర ఉంది. పళ్ళు కాదు, భయపడకు. మాత్రల డబ్బా. చక్కెర జబ్బు మాత్రలు రేకు డబ్బాలో వేసుకుని కోటు ఎడమ జేబులో పెట్టుకుంటాడు, కిందటి క్రిస్మస్‌కి నేను చూశాను. ఎడమవైపు అంటున్నాడా లేదా? తన జేబే! గట్టి మాత్ర, గట్టి రేకు. మెత్తనిది మోగదని చెప్పానా?

మాట అనకుండా డబ్బా తీసి ఇంట్లో పెట్టి, ఒకసారి తిప్పి తీసుకురా.

అత్తగారి గురించి నువ్వు రాసింది నమ్మను. స్తానమ్మకి కోపం వస్తే స్క్రూడ్రైవర్ పట్టుకోదు, కర్ర పట్టుకుంటుంది.

షెడ్డు మూసినా బుర్ర మూయని
విదోయె

*

మాలినిక్,
జూన్ 22

అన్నయ్యా,

నిదానంగా చదువు. ఇది పెద్ద ఉత్తరం.

నువ్వు చెప్పినట్టే చేశాను. సోమవారం ఆయన కోటులోంచి డబ్బా తీసి బీరువాలో పెట్టాను. చర్చి వీధికి రాగానే టిక్. బ్రేకు వేశాను, టిక్, టిక్. నేను నీ మీద విసుక్కునేలోపే ఆయన మాత్ర కోసం జేబులో చెయ్యి పెట్టారు.

"డబ్బా ఏది?"

చెప్పాను. అబద్ధం ఆడటం నాకు రాదు.

"నా జేబులు వెతికావా దెసా?"

"మోగుతోంది అదేమోనని..."

"నా కళ్ళు పోతున్నాయి గానీ, నా జేబులో ఏముందో నాకు తెలియదా?" అన్నారు. మూడు రోజులు ఇంట్లో కోడిపిల్లలే మాట్లాడాయి.

గురువారం పొద్దున తనే వచ్చి వంటింట్లో కూర్చున్నారు. నేను బీన్స్ ఏరుతున్నాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. మిల్లులో ఒకసారి పద్నాలుగో నంబరు మగ్గం కొత్తగా ఏదో చప్పుడు చేసిందట. ఎక్కడిదో తేలలేదు. షిఫ్టు అయ్యేదాకా నడవనిద్దాం, తర్వాత చూద్దాం అనుకున్నారట. గంట తిరక్కుండా, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరొచ్చి దాని ముందు నిలబడ్డ అమ్మాయి రెండు వేళ్ళు తీసుకుపోయింది. "అప్పటి నుంచి తెలియని చప్పుడుతో ఏ యంత్రాన్నీ తిరగనివ్వలేదు. నువ్వు బండి నడపడం నాకిష్టం లేక కాదు దెసా. రోడ్డు నాకు కనిపించదు. నీకు కాపలా కాయడానికి నా దగ్గర ఈ రెండు చెవులే ఉన్నాయి" అన్నారు.

బీన్స్ ఏరడం అయ్యాక నోట్‌బుక్కు తీసి మొదటి నుంచి చూశాను. ఈసారి నా ఇంటి పనుల నోట్‌బుక్కు కూడా పక్కన పెట్టుకున్నాను. మే 5: కిటికీలు, తెరలు, అత్తగారు కారు తొడుగు ఉతికారు. జూన్ 2: రొట్టె పిండి, మెట్లు, అత్తగారు కారు తొడుగు ఉతికారు. పండగకి ముందు ఉతకడం ఆవిడ అలవాటే. "నా అల్లిక మీద నువ్వు చెయ్యి వెయ్యకు, సాగదీస్తావు" అని ఎప్పుడూ తనే విప్పి, తనే ఉతికి, మర్నాడు తనే తొడుగుతారు. నీ రూలు పట్టుకుని, మెత్తనిదని నేను దాని వంక చూడనే లేదు.

వెళ్ళి, ఆయన కూర్చుంటే ఎడమ పక్కన ఉండే నా హెడ్‌రెస్ట్ మీద గరిటె ఆనించి, పిడికిలితో సీటును గుద్దాను. చెవిలో సుత్తి దెబ్బ.

తొడుగు వెనకవైపు ఒక కుట్టు కొత్తగా ఉంది. విప్పాను. లోపల పచ్చి గొర్రెబొచ్చు గుప్పెడు. అందులో గూట్లో పడుకున్నట్టు ఒక ఎర్ర గుడ్డు. నిరుటిది. రంగు ఇటుకలా మారింది, బరువు లేదు. చెవి దగ్గర ఆడించాను. ఏడాదిలో లోపలిదంతా ఎండిపోయి, పచ్చసొన గోలీ అంత గట్టి ఉండై పెంకులో దొర్లుతోంది. టిక్.

వెనక్కి తిరిగితే అత్తగారు.

"తోటలో పాతిపెట్టానన్నారు కదా అత్తగారూ?"

"పాతేదాన్నే. ఇంటికి కాపలా ఉంది. మరి ఇంట్లోంచి వెళ్ళేవాళ్ళకి? ఆ లోయ రోడ్డు మీద, ఆ లారీల మధ్య, నా కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని పోతావు. వచ్చేదాకా నేను గుమ్మంలోనే కూర్చుంటాను, ఎవరు చూశారు?"

"కొత్తది పెట్టొచ్చుగా?"

"కొత్తది ఇంటిది. దాన్నెలా కదుపుతాను? అయినా ఏడాది కాపలా కాసినదానికి పని తెలుసు. కొత్తదానికి ఏం తెలుసు!"

"నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే నోట్‌బుక్కులో రాస్తావు."

"మరి బండి అమ్మెయ్యమని రోజూ ఎందుకు అనేవారు?"

"నువ్వు అమ్ముతావా ఏంటి? నా మాట ఎప్పుడు విన్నావు గనక! అనకపోతే నేను అత్తగారినెలా అవుతాను?"

నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వేలోపు ఆవిడ మొహం మారింది. "అంటే ఇన్నాళ్ళూ ఆ చప్పుడు చేసింది ఇదేనా? నేను పెట్టినదాని వల్లేనా వాడు బండి అమ్ముతానన్నది?" అన్నారు. పాపం ఆవిడకి చెవి ఒకటి ఎప్పుడో పోయింది, రెండోది సగం. టిక్ ఆవిడకి ఒక్కనాడూ వినిపించలేదు. నా చేతిలోంచి గుడ్డు తీసుకుని, ఏప్రన్ జేబులో వేసుకుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. భోజనానికి కూడా రాలేదు.

స్క్రూడ్రైవర్ అని రాశాను కదా అన్నయ్యా, ఆ ఉత్తరం పొయ్యిలో పడెయ్యి.

ఇప్పుడు టిక్ లేదు. బండి నాకు ఉంటుంది. గ్వోజ్దెన్ వేరే టైర్లు తన్నుకోవచ్చు. సంతోషించాల్సినదాన్ని. కానీ గుమ్మంలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

దెసాంకా

*

కొండ స్టేషను,
జూన్ 30

చెల్లీ,

ఉత్తరం పొయ్యిలో వేశాను. మేక అడ్డం రాకపోతే బూడిద కూడా పంపేవాణ్ణి.

గుడ్డు! ముప్పై ఏళ్ళలో బండ్లలో నేను చూడనిది లేదనుకున్నాను. పెళ్ళి ఉంగరాలు, ఎలకల గూళ్ళు, ఒకసారి పెట్రోలు పోసే మూత వెనక మొత్తం సాసేజి. గుడ్డు మాత్రం లేదు. షెడ్డు రూలు మారుస్తున్నాను: మెత్తనిది మోగదు, కానీ దాని లోపల ఏముందో ఒకసారి తడిమి చూడు. స్పానర్ సంగతీ ఒప్పుకుంటున్నాను. పక్క షెడ్డువాడికి సారా సీసా నా పేరు చెప్పి ఇప్పించు.

నువ్వు అడగలేదు గానీ, మెకానిక్ మాట ఒకటి చెబుతాను. ఎంత ఉన్ని చుట్టినా ఆ చప్పుడు ఆగదు, అది పెంకు లోపల ఉంది. తీస్తే పోతుంది, ఉంచితే ఉంటుంది. తీయాలా ఉంచాలా అన్నది మాత్రం మెకానిక్ చెప్పే సంగతి కాదు.

స్తానమ్మ చేతులకి నా ముద్దు.

నీ తప్పుల అన్నయ్య,
విదోయె

*

మాలినిక్,
జూలై 7

అన్నయ్యా,

సారా సీసా ఇచ్చాను. పక్క షెడ్డతను మొదట నమ్మలేదు, తర్వాత అక్కడే ఒక గ్లాసు తాగి నిన్ను క్షమించాడు.

మంగళవారం మీ బావని చాచాక్ తీసుకెళ్ళాను. చూపు అంతకంటే తగ్గలేదని డాక్టర్లు అన్నారు, అదే మంచి కబురు. బండి గుడిలా నిశ్శబ్దంగా ఉంది. ఇంజను తన మాట తను మాట్లాడుకుంటోంది, అంతే. నేను పొంగిపోతూ నడుపుతున్నాను. ఆయన మాత్రం దారంతా కుదురుగా లేరు. ఇంటికి చేరాక కర్ర ఆనించుకుని నేరుగా వాళ్ళమ్మ గది తలుపు కొట్టారు.

"అమ్మా, ఆ గుడ్డు ఏది?"

"దేనికి? పాతిపెట్టేశాను."

"ఎక్కడ?"

"...తోటలో."

"నీ ఏప్రన్ జేబులో టిక్‌మంటోంది."

ఆవిడ తీసిచ్చారు. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించారు. ఒకవైపు, ఇంకోవైపు. మగ్గాన్ని విన్నట్టే, కళ్ళు మూసుకుని. తర్వాత నా చేతిలో పెట్టి, "ఎక్కడిదో తెలిసిన చప్పుడుకి మిల్లులో ఒక్క మగ్గాన్నీ ఆపలేదు నేను. ఉన్నచోటే పెట్టి కుట్టెయ్యి దెసా. మా అమ్మ ఎక్కడుందో నాకు తెలుస్తూ ఉంటుంది" అన్నారు.

అత్తగారు చటుక్కున లాక్కున్నారు. "దాని చేతికిస్తావేంట్రా! దాని కుట్టు బంగాళాదుంపల మూట కుట్టు." కళ్ళజోడు, సూది, పచ్చి బొచ్చు తీసుకుని కారులోకి వెళ్ళారు. ఈసారి తలుపులు తెరిచే ఉంచారు. నేను దారం పట్టుకుని పక్కన కూర్చున్నాను. బండి అమ్మడం లేదని గ్వోజ్దెన్‌కి సాయంత్రం రొట్టెలకి వెళ్ళినప్పుడు నేనే చెప్పాను. "మోగే బండి నాకూ వద్దులే దెసాంకమ్మా" అన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని.

నిన్న నోట్‌బుక్కులో చివరి పద్దు రాశాను. తేదీ, నది రోడ్డు, యాభై వేగం, ఎండ, ముగ్గురం. చప్పుడు: టిక్, నా తల వెనక నుంచి. కారణం: తెలుసు. గీత గీసి మూసేశాను. మిగిలిన పేజీలు రాస్‌బెర్రీ బుట్టల లెక్కకి పనికొస్తాయి.

పన్నెండో తారీకు, సెయింట్ పీటర్ పండగ నాడు, మేం ముగ్గురం నీ దగ్గరికి వస్తున్నాం. అంత ఎత్తు రోడ్డు నేనెప్పుడూ నడపలేదు. అత్తగారు ఇప్పటికే నీకోసం చీజ్ రొట్టె, ఈ పండగకే పండే ఆపిల్స్ మూట కట్టారు. ఇంజను మూత తెమ్మని అడిగావంటే మాత్రం ఒప్పుకోరు, కోడిపిల్లలు దానికి అలవాటుపడ్డాయి. నీ స్పానర్ తెస్తాను.

కంచె గేటు తెరిచి ఉంచు, ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ ఎక్కించడం నాకింకా సరిగా రాదు. గేటు తియ్యడానికి మా కోసం చూస్తూ నిలబడనక్కర్లేదు. మూత లేని ఇంజను, మూడో మలుపు దగ్గరే వినిపిస్తుంది. రెండో గేరులో వస్తుంటాను, ఆయన "ఇప్పుడు" అన్నప్పుడు మారుస్తాను. టిక్ మాత్రం బయటికి రాదు. అది వినాలంటే నువ్వొచ్చి నా వెనక సీట్లో కూర్చోవాలి.

కొండ దాకా బండి నడుపుకుంటూ వస్తున్న
దెసాంకా